కలేజీ మంచిదే – గర్భిణికి మాత్రం కాదు

బక్రీద్ నాడు ఖుర్బానీ ఇచ్చిన ఇళ్లలో మొట్టమొదట పొయ్యి మీదికి ఎక్కేది కలేజీ. మన పల్లెల్లో దీన్నే కార్జం అంటారు. మాంసం కోసి, వాటాలు వేసి, బంధువులకూ పేదలకూ పంచేసరికి మధ్యాహ్నం దాటిపోతుంది. కలేజీకి అంత సమయం పట్టదు, కాసేపట్లోనే ఉడుకుతుంది. ఈదుల్ అద్‌హా నాడు నమాజు ముగించుకుని వచ్చేవరకు ఏమీ తినకుండా ఉండి, ఆ తరువాత ఖుర్బానీ మాంసం తీసుకోవడం దైవప్రవక్త (స) ఆచరణ. త్వరగా సిద్ధమయ్యే కలేజీతో ఆ సున్నత్‌ను నెరవేర్చుకోవడం మన పెద్దల కాలం నుంచి వస్తున్న అలవాటు.

ఈ అలవాటులో తప్పేమీ లేదు. చిక్కు వచ్చేది వడ్డనలో. ఇంట్లో కడుపుతో ఉన్న కోడలో, కాన్పుకని పుట్టింటికి వచ్చిన కూతురో ఉంటే పెద్ద వాటా ఆమె పళ్లెంలోనే పడుతుంది. "తిను బేటీ, రక్తం పడుతుంది. నీ ఒక్కదాని కోసమా? లోపల ఇంకొక ప్రాణం ఉంది" అంటూ అత్తగారు ఒక వైపు నుంచి, నానీ మరో వైపు నుంచి వడ్డిస్తారు. పండుగ వెళ్లిపోయినా ఆ వడ్డన ఆగదు. వారానికి రెండుసార్లు మాంసం దుకాణం నుంచి కలేజీ తెప్పించి పెట్టే ఇళ్లు మన బస్తీలలో ఎన్నో ఉన్నాయి. ఆ పెద్దల ప్రేమను శంకించవలసిన పనిలేదు. కాని ఆ వాటా ఆమెకు తగినది కాదు. ముఖ్యంగా గర్భం దాల్చిన మొదటి మూడు మాసాలలో అది బిడ్డకు హాని చేసే ప్రమాదం ఉంది. ఈ సంగతి ఆస్పత్రిలో డాక్టరు చెప్పినా ఇంటికి వచ్చేసరికి పెద్దల మాటే చెల్లుతుంది. కాబట్టి చెప్పవలసింది కోడలికి కాదు, పెద్దలకే.

ముందు ధర్మం సంగతి తేల్చుకుందాం. కలేజీ హలాల్. ఇందులో ఎవరికీ సందేహం అక్కరలేదు. రక్తం నిషిద్ధమైనప్పటికీ కాలేయం, ప్లీహం (కలేజీ, తిల్లీ) ధర్మసమ్మతమని హదీసులో స్పష్టంగా ఉంది. అయితే దివ్య ఖుర్ఆన్ ఆహారం గురించి చెప్పేటప్పుడు 'హలాల్' అన్న మాటతో పాటు 'తయ్యిబ్' అన్న మాటను కూడా వాడింది. తయ్యిబ్ అంటే పరిశుద్ధమైనది, మేలు చేసేది. అలాగే తినండి, త్రాగండి అని అనుమతి ఇచ్చిన చోటే మితిమీరవద్దన్న హెచ్చరిక కూడా ఉంది. ఆరాఫ్ సూరా చదివిన వారికి ఈ విషయం తెలుసు. అంటే ఒక పదార్థం హలాల్ అని తేలిన తరువాత ఇంకా రెండు ప్రశ్నలు మిగులుతాయి. ఇది ఈ మనిషికి మేలు చేస్తుందా? ఎంత తింటే మేలు చేస్తుంది? మన హకీములు కూడా రోగి మిజాజ్ చూసిన తరువాతే ఏది తినాలో, ఏది మానాలో చెప్పేవారు. ఒకరికి మందైనది మరొకరికి పడకపోవచ్చునన్నది మనకు కొత్త మాట కాదు.

"కలేజీ తింటే రక్తం పడుతుంది" అన్న మాట ఉత్త నమ్మకం కూడా కాదు. దాని వెనుక గొప్ప చరిత్ర ఉంది. వంద సంవత్సరాల క్రితం 'పర్నిషియస్ అనీమియా' అనే ఒక రకం రక్తహీనత వచ్చిందంటే రోగికి మరణమే శరణ్యం. అమెరికా వైద్యులు మైనాట్, మర్ఫీ 1926లో అటువంటి రోగులకు రోజూ కలేజీ తినిపించి బ్రతికించారు. అంతకు ముందే విపుల్ అనే శాస్త్రజ్ఞుడు రక్తం తగ్గించిన కుక్కలకు కలేజీ పెట్టి, అవి త్వరగా కోలుకోవడం గమనించాడు. ఈ ముగ్గురికీ 1934లో నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలోనే, బొంబాయిలో, లూసీ విల్స్ అనే డాక్టరమ్మ 1928 నుంచి కొన్నేళ్లపాటు గర్భిణులలో వచ్చే రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారం, కలేజీ సారం దానికి పనిచేస్తాయని కనుగొన్నది. కనుక మన నానీలు చెప్పింది అబద్ధమని అనలేము. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12, మాంసకృత్తులు కలేజీలో పుష్కలంగా ఉన్నాయి.

అయితే కథ అక్కడితో ఆగలేదు. కలేజీలో రక్తాన్ని పెంచే వస్తువు ఏమిటని శాస్త్రజ్ఞులు వెదకి, ఒక్కొక్కదాన్నే విడదీశారు. ఆ శ్రమలో మన తెలుగువాడికీ పెద్ద వాటా ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. 1945లో అక్కడి బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేయగలిగింది. 1948లో బి12 కూడా వేరుపడింది. అంటే ఏ గుణం కోసం మన పెద్దలు కోడలికి కలేజీ పెడుతున్నారో, ఆ గుణం ఈనాడు చిన్న మాత్రలో ఇమిడి ఉంది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో గర్భిణికి ఉచితంగా ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. కలేజీలో ఉన్న మేలు ఆ మాత్రలో ఉంది. కలేజీలో ఉన్న ప్రమాదం మాత్రం అందులో లేదు.

ఆ ప్రమాదం పేరు విటమిన్ ఏ.

ఈ మాట వినగానే చాలామంది ఆశ్చర్యపోతారు. విటమిన్ ఏ కంటికి వెలుగు కదా, అది లేకనే కదా పిల్లలకు రేచీకటి వస్తుంది అంటారు. నిజమే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగా 1970లో మన దేశంలో పసిపిల్లలకు విటమిన్ ఏ మందు పోసే కార్యక్రమం మొదలైంది. ఎందరో బిడ్డల కళ్లను అది కాపాడింది. కాని అదే మందును పెద్ద మోతాదులో గర్భిణికి ఇవ్వరు. పిల్లలకు కంటి వెలుగైన వస్తువును తల్లికి పెద్ద మోతాదులో ఎందుకు ఇవ్వరో ఒక్కసారి ఆలోచించండి.

విటమిన్లన్నీ ఒక్క తీరువి కావు. నిమ్మకాయలో ఉండే విటమిన్ సి ఎక్కువైతే చాలావరకు మూత్రంలో వెళ్లిపోతుంది. విటమిన్ ఏ అలా వెళ్లదు. అది కొవ్వులో కరిగే జాతి. ఎక్కువైనదాన్ని శరీరం కాలేయంలో దాచిపెట్టుకుంటుంది. మేకకైనా, గొర్రెకైనా, మనిషికైనా విటమిన్ ఏ కొట్టుగది కాలేయమే. ఆ జంతువు ఎన్నో నెలలపాటు పచ్చిమేత మేసి కూడబెట్టుకున్నదంతా మనం ఒక్క పూటలో తింటున్నాము. పసుపు, ఉప్పు వేసి ఎన్నిసార్లు కడిగినా అది పోదు. ఉడికించినా, వేయించినా చాలావరకు అలాగే ఉంటుంది.

లెక్క చూడండి. భారత వైద్య పరిశోధన మండలి 2020లో సవరించిన ప్రమాణాల ప్రకారం గర్భిణికి రోజుకు 900 మైక్రోగ్రాముల విటమిన్ ఏ చాలు. పెద్దవారు ఎవరైనా రోజూ 3,000 మైక్రోగ్రాములు దాటకూడదు. గొర్రె కలేజీ 100 గ్రాములలో దాదాపు 7,000 మైక్రోగ్రాములు ఉంటుంది. జంతువు వయసును బట్టి, మేతను బట్టి కొంత హెచ్చుతగ్గులు ఉంటాయి. అంటే 50 గ్రాములు తిన్నా ఆ హద్దు దాటిపోయినట్లే. కోడి కలేజీలో ఇందులో సగం దాకా ఉంటుంది. అది చౌక కాబట్టి తరచుగా ఇంటికి వస్తుంది. చౌకగా దొరికినంత మాత్రాన నిరపాయం అనుకోకూడదు.

హద్దు బాగా దాటితే ఏమవుతుందో తెలుసుకోవడానికి చరిత్రలో ఒక ఉదంతం ఉంది. హాలెండు దేశపు నావికులు కొందరు బారెంట్స్ నాయకత్వంలో బయలుదేరి, ఉత్తర ధ్రువ ప్రాంతంలోని మంచు దీవిలో చిక్కుకుపోయారు. 1597లో వారు ధ్రువపు ఎలుగుబంటిని చంపి దాని కాలేయం వండుకు తిన్నారు. అందరూ జబ్బుపడ్డారు. వారిలో ముగ్గురికి ఒళ్లంతా చర్మం ఊడిపోయిందని వారితో ఉన్న డి వీర్ అనే ఆయన వ్రాసి పెట్టాడు. అప్పట్లో కారణం ఎవరికీ తెలియదు. ఆ జంతువు కాలేయంలో విటమిన్ ఏ విపరీతంగా పేరుకుని ఉంటుందని ఇరవయ్యో శతాబ్దంలో బయటపడింది. మన మేక కలేజీ అంత తీవ్రమైనది కాదు. కాని వస్తువు అదే. ఎక్కువ మోతాదులో చాలాకాలం లోపలికి వెళితే తలనొప్పి, వాంతులు, చర్మం పొడిబారి రేగడం, జుట్టు రాలడం, ఎముకల నొప్పి, చివరకు తిన్నవారి కాలేయమే దెబ్బతినడం వరకు రావచ్చు.

పెద్దవారి శరీరం కొంతవరకు తట్టుకుంటుంది. గర్భంలోని పిండం తట్టుకోలేదు. మొదటి మూడు మాసాలలో బిడ్డ గుండె, తల, ముఖం, మెదడు రూపు దిద్దుకుంటాయి. ఏ కణం ఏ అవయవం కావాలో నిర్ణయించే ఏర్పాటులో విటమిన్ ఏకు పాత్ర ఉంది. అందువల్ల అది తక్కువైనా కష్టమే, మితిమీరినా కష్టమే. అమెరికాలో 22,000 మందికి పైగా గర్భిణులను పరిశీలించి 1995లో ప్రకటించిన ఒక అధ్యయనంలో, రోజుకు 10,000 యూనిట్లకు మించి, అంటే సుమారు 3,000 మైక్రోగ్రాములకు మించి, మాత్రల రూపంలో విటమిన్ ఏ తీసుకున్న తల్లులలో దాదాపు 57 మందికి ఒకరి బిడ్డకు దాని కారణంగా అవయవలోపం ఏర్పడి ఉంటుందని అంచనా వేశారు. అది మాత్రల సంగతి కదా, ఆహారం సంగతి కాదు కదా అని కొందరు పండితులు వాదించారు. హద్దు సరిగ్గా అక్కడే ఉందా అని కూడా చర్చ జరిగింది. కాని గర్భిణులకు ఎక్కువ మోతాదు ఇచ్చి పరీక్షించి చూడటం ఏ వైద్యుడూ చేయరాని పని. అందుకే బ్రిటన్ ప్రభుత్వం 1990 నుంచే గర్భిణులు, గర్భం కోరుకుంటున్న స్త్రీలు కలేజీ తినవద్దని సలహా ఇస్తూ వస్తోంది. అనుమానం ఉన్న దారిని వదలి, అనుమానం లేని దారిలో నడవమని మన ధర్మం కూడా చెబుతుంది కదా.

ఈ సంగతి మా పాఠశాలలో కొందరు తల్లిదండ్రుల ఎదుట చెప్పినప్పుడు ఒక పెద్దమ్మ ఊరుకోలేదు. "నేను ఆరుగురిని కన్నాను మౌల్వీ సాబ్. ఆరుసార్లూ కలేజీ తిన్నాను. అందరూ బంగారంలా ఉన్నారు" అన్నది. ఆ పిల్లలకు అల్లాహ్ దీర్ఘాయువు ఇవ్వుగాక. కాని ప్రమాదం అంటే అందరికీ జరిగేది కాదు, కొందరికి జరిగేది. జరగనివారు నలుగురిలో చెప్పుకుంటారు. జరిగినవారు తఖ్దీర్ అనుకుని మౌనంగా ఉంటారు. వారిలో ఎవరికి ఏ కారణం చేత అలా జరిగిందో ఎవరూ లెక్క తీయలేదు. పైగా ఆమె తిన్న కాలం వేరు. అప్పుడు ఇంటికి కలేజీ వచ్చేది ఏడాదికి ఒకటి రెండుసార్లు. ఒక్క మేక కలేజీ పదిమందికి పంచితే మనిషికి రెండు ముక్కలు దక్కేవి. ఇప్పుడు ఫ్రిజ్ ఉంది, పక్క వీధిలో దుకాణం ఉంది, దానికి తోడు బలం మాత్రలూ చేపనూనె గుళికలూ ఉన్నాయి. కాడ్ చేప కాలేయం నుంచి తీసిన నూనెలో కూడా ఇదే విటమిన్ ఉంటుంది. మూడు వైపుల నుంచి వచ్చేది కలిసి ఎంతవుతుందో ఎవరు లెక్క చూస్తున్నారు?

మరొకరు ఇంకో ప్రశ్న వేశారు. "ఖుర్బానీ కలేజీ తబర్రుక్ కదా, వద్దంటే బేఅదబీ కాదా?" అని. దీనికి జవాబు రోజా మసాయిల్ తెలిసిన ఎవరైనా చెప్పగలరు. రమజాను ఉపవాసం ఫర్జ్. అంతటి ఫర్జ్ విషయంలో కూడా, తనకో తన బిడ్డకో హాని కలుగుతుందని భయపడే గర్భిణికి షరీఅత్ సడలింపు ఇచ్చింది. బిడ్డ క్షేమం కోసం ఫర్జ్ రోజానే వాయిదా వేసుకోనిచ్చిన ధర్మం, ఫర్జ్ కాని ఒక కూర తినకపోతే ఆమెను తప్పుపడుతుందా? హాని చేయకూడదు, హాని పొందకూడదు అన్నది మన ఫిఖా గ్రంథాలలో పునాది సూత్రం. ఖుర్బానీ మాంసంలో ఆమె తినదగినది ఇంకా ఎంతో ఉంది. మంచి మెత్తటి మాంసం బాగా ఉడికించి పెట్టండి. సున్నత్ నెరవేరుతుంది, బిడ్డా క్షేమంగా ఉంటుంది.

మరి రక్తం పట్టే దారి ఏది? ఇది తేలిక ప్రశ్న కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో గర్భిణులలో 52 శాతం మందికి రక్తహీనత ఉంది. కలేజీ మాన్పించి ఊరుకుంటే ఆమెకు అన్యాయం చేసినట్లే అవుతుంది. కాబట్టి మాన్పించిన చేతితోనే మరొకటి అందించాలి. ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలు గర్భం నాలుగో నెల నుంచి కనీసం 180 రోజులు, కాన్పు తరువాత మరో 180 రోజులు మింగాలన్నది ప్రభుత్వ నియమం. వికారంగా ఉందనో, మలం నల్లగా వస్తోందనో చాలామంది మధ్యలో మానేస్తారు. మలం నల్లబడటం ఆ మాత్ర సహజ గుణం, భయపడవద్దు. వికారం ఉంటే రాత్రి అన్నం తిన్నాక వేసుకోవచ్చు. మాత్రతో పాటు చాయ్ త్రాగవద్దు. చాయ్ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. మన ఇళ్లలో భోజనం కాగానే చాయ్ త్రాగే అలవాటు ఉంది. గర్భిణి దాన్ని గంటా రెండు గంటలు వెనక్కు జరపడం మంచిది.

ఆహారంలో మాంసం, చేప, గుడ్డు, పప్పు, తోటకూర, మునగాకు పెట్టండి. పైన నిమ్మకాయ పిండితే ఇనుము బాగా పడుతుంది. ఆకుకూరలలో, క్యారెట్టులో, మామిడిపండులో కూడా విటమిన్ ఏ ఉందంటారు కదా, వాటికీ భయపడాలా అని అడగవచ్చు. అక్కరలేదు. వాటిలో ఉన్నది తయారైన విటమిన్ కాదు, దాని ముడిసరుకు. శరీరం తనకు కావలసినంత మేరకే దాన్ని విటమిన్‌గా మార్చుకుంటుంది.

ఇంకొక మాట జాగ్రత్తగా చెప్పాలి. గర్భం సంగతి తెలియకముందు పండుగ నాడు నాలుగు ముక్కలు తిన్న అమ్మాయి ఇది చదివి గాబరా పడవద్దు. ఒక పూట తిన్నంత మాత్రాన బిడ్డకు లోపం వచ్చి తీరుతుందని ఎవరూ అనలేదు. ఆ భయంతో తొందరపాటు నిర్ణయాలు తీసుకోకూడదు. తరువాత తనిఖీకి వెళ్లినప్పుడు డాక్టరుకు ఆ మాట చెప్పండి. ఇకమీదట మానుకోండి. అంతే చాలు. పెద్దలు కూడా "అప్పుడు ఎందుకు తిన్నావు" అని ఆమెను నిలదీయవద్దు. వడ్డించింది మనమే కదా.

గర్భిణి కాక ఇంట్లో మరికొందరు కూడా ఆగి చూసుకోవాలి. కీళ్లలో యూరిక్ ఆమ్లం చేరి గౌట్ నొప్పితో బాధపడేవారికి కలేజీ ఆ నొప్పిని పెంచుతుంది. 100 గ్రాముల కలేజీలో 350 నుంచి 500 మిల్లీగ్రాముల దాకా కొలెస్టరాల్ ఉంటుంది కాబట్టి గుండె జబ్బు ఉన్నవారు డాక్టరును అడిగి తినాలి. ఏళ్ల తరబడి విటమిన్ ఏ ఎక్కువగా తీసుకునే వృద్ధులలో ఎముకలు బలహీనపడే అవకాశం ఉంది. మూడేళ్ల లోపు పసివాళ్లకు హద్దు మరీ చిన్నది, ఒక చిన్న ముక్క చాలు. ఆరోగ్యంగా ఉన్న మిగిలినవారు పండుగ నాడు సంతోషంగా తినవచ్చు. అప్పుడప్పుడు తెచ్చుకుని నలుగురూ కొంచెం కొంచెం తింటే భయం లేదు. రోజువారీ కూరగా మాత్రం చేసుకోవద్దు.

మరి కోడలి పళ్లెంలో నుంచి తీసిన ఆ వాటా ఏం చేయాలి? అదే సర్వేలో అయిదేళ్ల లోపు పిల్లలలో 67 శాతం మందికి రక్తం తక్కువని తేలింది. అటువంటి ఇళ్లలో కలేజీ కూర ఏడాది పొడుగునా కనబడదు. సాధారణంగా మనం ఖుర్బానీ మాంసం పంచుతాము గాని, కలేజీని మాత్రం ఇంట్లోనే ఉంచుకుంటాము. ఈసారి అందులో నుంచి కూడా ఒక వాటా తీసి, మాంసం కొనలేని ఇంటికి పంపండి. అక్కడ బడికి వెళ్లే పిల్లలకు, కష్టం చేసే తండ్రికి అది నిజంగా మందులా పనిచేస్తుంది. పంపేటప్పుడు ఆ ఇంట్లో కడుపుతో ఉన్న ఆడపడుచు ఉందేమో అడిగి తెలుసుకోండి. ఉంటే ఆమె కోసం కొంచెం మాంసం వేరుగా కట్టి ఇవ్వండి, ఎందుకో కారణం కూడా చెప్పండి.